ఓడవారి చేప

హాచరీ గెస్టుహౌసులో వంట నాది,
తుమ్మలపెంట రోడ్డులో.
వనామి పిల్లలకు మేతేసే మిషను బిగించను
నార్వే నించి ఒకాయన వచ్చినాడు.
పేరు ఓడ్వార్ అంట.
మా నోట్లో పడి మద్దేనానికే
ఓడవారయిపోయినాడు.

ఆయనకన్నా ముందే ఆయన కూటి పేరు వచ్చింది.
సూపర్‌వైజరు సుధీర్ చెప్పినాడు:
"లోకంలో నాలిక లేనోళ్ళు వీళ్ళేనంట మామా.
ఉడకబెట్టిన చేప, ఉడకబెట్టిన ఉర్లగడ్డ,
పైన తెల్లటి జావ.
తెల్ల పళ్ళెంలో పెడితే
యాడ కూడు అయిపోయి యాడ పళ్ళెం మొదలో
తడుముకోవాల్సిందే!"

నవ్వినాం.
అందరికన్నా గట్టిగా నేను.
పులుసు కాసేవోడికి ఆ మాత్రం హక్కు ఉంటాది గదా.

మొదటిరోజే బొమ్మిడాయిలు పెట్టినా,
పుల్లమామిడి ముక్కలేసి
ముందురోజు రాత్రే దించిన పులుసు.
తిన్నాడు. చెవులు ఎర్రబడినాయి,
ముక్కు కారింది, కళ్ళు కారినాయి,
అయినా పళ్ళెం ఊడ్చినాడు.
రాత్రికి మాత్రం వంటింటి గడప కాడ నిలబడి
వట్టి అన్నం చాలన్నట్టు చెయ్యి చూపించినాడు.
గెలిచినాననుకున్నా.

నాలుగోనాడు పెట్టె తెరిచినాడు.
ముందు బట్టలసబ్బు లాంటి బిళ్ళ ఒకటి.
జున్నంట. గోధుమరంగు జున్ను యాడన్నా ఉంటాదా!
పలచగా గీకి రొట్టె మీదేసి ఇచ్చినాడు.
సుధీర్ పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చినాడు.
నేను ఉమ్మలా.
పాలదబర అడుగు గోకుడు కోసం
మా అక్కతో జుట్టు జుట్టు పట్టుకున్న రోజు
నాలిక మీదికి వచ్చింది.

తరవాత తీసినాడు చేప.
చేపంటే చేప కాదు, కట్టె.
అప్పుడే వచ్చింది పామంజి కావేరమ్మ
నెత్తళ్ళ తట్ట దించుకుంటా.
అడక్కుండానే దాన్ని తీసుకుని
గడపకేసి కొట్టింది. టక్కుమంది.
వాసన చూసింది, నాలిక ఆనించింది.
"ఉప్పే లేదే! ఉప్పు లేకుండా ఎట్టా ఎండిందిది?"
ఓడవారు బుగ్గలు పొంగించి గాలూదినాడు,
చేతులు ముడుచుకుని వణికి చూపించినాడు.
"చలిగాలికా!" అనింది,
ఏదో ఊరి సంగతి విన్నట్టు.

దాన్ని బూడిదనీళ్ళలో రోజులకు రోజులు నానేస్తారంట,
గిన్నెలో పెడితే వణికేదాకా.
వాళ్ళింట్లో పిల్లకాయలే ముక్కు మూసుకుంటారంట.
పండగనాడు ఒక్కడే కూర్చుని తింటాడంట.
సుధీర్ ఆ మాటలు తెలుగులోకి దించతా
పడీ పడీ నవ్వినాడు.

కావేరమ్మ నవ్వలా.
"మొన్న కావలి బస్సులో
కండక్టరు నా తట్ట ఎక్కనీలా.
టౌన్లో మా కోడలు ఇల్లు అడగబోతే
బాడుగ సంగతి తరవాతంట,
ముందు ఎండుచేప వండతారా అని అడిగినారంట.
వేట లేని నెలల్లో ఈ కంపే గదబ్బా
మా పొయ్యి వెలిగించేది."

సుధీర్ దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించలా.
ఓడవారు తట్టలోనించి ఒక నెత్తడు తీసుకుని
పచ్చిదే నోట్లో వేసుకుని
మెల్లగా నమలతా ఉండాడు.

ఆమె గుప్పెడు నెత్తళ్ళు ఇచ్చి
ఆ కట్టెలో సగం పట్టుకుపోయింది.
రెండ్రోజులు నానబెట్టి వంకాయలో వేసిందంట.
"ఎట్టుంది?" అన్నా.
"చప్పగా ఉంది. దాని పేరు నిజమే.
అయితే మా ముసిలోడు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు."

ఓడవారు పోయిన రాత్రి
అందరూ పడుకున్నాక ఒక వంజరం ముక్క
నీళ్ళలో వేసి ఉడకబెట్టినా.
ఉప్పు రాయి ఒకటి, అంతే.
చింతపండు లేదు, కారం లేదు.
లైటు కూడా వెయ్యకుండా నిలబడే తిన్నా.
ముప్పయ్యేళ్ళుగా చేప వండతా ఉండా,
చేప ఎట్టుంటాదో
అప్పుడు తెలిసింది.

గిన్నె నేనే తోమి బోర్లించినా.
తెల్లారి మళ్ళీ పులుసే, అదే ఘాటు.
ఎవరితోనూ చెప్పలా ఈ సంగతి.
మనకీ ఒక పేరుంది గదా.